జార్జి చేసింది న్యాయమా, అన్యాయమా?

అమెరికా కూలీల కథపై పాఠకుల్లో రెండు మాటలు

దిల్‌సుఖ్‌నగర్: ఇంకా పూర్తిగా తెల్లవారకముందే ఎల్.బి.నగర్ చౌరస్తాలో సందడి మొదలవుతుంది. సూర్యాపేట వైపు నుంచి విజయవాడ రోడ్డు మీదుగా, దేవరకొండ, మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం వైపు నుంచి సాగర్ రోడ్డు మీదుగా వచ్చే బస్సులు ఇక్కడ జనాన్ని దించుతాయి. సద్ది సంచి, పార, తట్ట, తాపీ పట్టుకొని దిగినవారు కూలి అడ్డా మీద నిలబడతారు. మేస్త్రీ వచ్చి ఒక్కడే చాలంటే, ఇద్దరం ఒక ఊరివాళ్ళం, ఇద్దరినీ తీసుకుపొమ్మని బతిమాలేవారు ఆ గుంపులో ఉంటారు. పట్నానికి ఒంటరిగా రావడం కన్నా జతగా రావడం మేలని వారికి ఒకరు చెప్పనక్కరలేదు.

అమెరికాలో 1937లో అచ్చయిన ఒక చిన్న పుస్తకం కూడా ఇలాగే మొదలవుతుంది. బస్సు దిగిన ఇద్దరు కూలీలు, భుజాన దుప్పటి మూటలు, ముందు దొరకబోయే పని, వెనుక వదిలి వచ్చిన కష్టం. పుస్తకం పేరు 'ఆఫ్ మైస్ అండ్ మెన్'. ఎలుకల గురించీ మనుషుల గురించీ అని అర్థం చెప్పుకోవచ్చు. రాసినవాడు జాన్ స్టైన్‌బెక్. పుస్తకం నూరు పేజీలు దాటీ దాటనంత. ఒక రాత్రి కూర్చుంటే అయిపోతుంది. కానీ చదివినవారి మధ్య దాని మీద వాదం తొంబై ఏళ్ళు కావస్తున్నా అయిపోలేదు.

అమెరికా పుస్తకాలు మన ప్రాంతానికి కొత్త కాదు. దిల్‌సుఖ్‌నగర్‌కు కొద్ది దూరంలోనే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో 1964లోనే అమెరికా సాహిత్య, చరిత్ర అధ్యయనాలకు ఒక పరిశోధనా కేంద్రం వెలిసింది. దేశం నలుమూలల నుంచి అధ్యాపకులు అక్కడికి వచ్చి చదువుకునేవారు. స్టైన్‌బెక్ పేరు అలా కాలేజీ గదుల్లోకి వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట హాస్టళ్ళలో ఉండి చదివే కుర్రకారుకు ఈ కథ మరో కారణం వల్ల దగ్గరగా తోస్తుంది. వారిలో చాలామంది ఇళ్ళలో ఎవరో ఒకరు కూలికి వెళ్ళి వచ్చినవారే.

కథ ఏమిటి?

జార్జి పొట్టివాడు, చురుకైనవాడు. లెన్నీ ఏనుగంత మనిషి, బుద్ధి మాత్రం పసివాడిది. ఇద్దరికీ రక్తసంబంధం లేదు. లెన్నీని పెంచిన క్లారా అత్త చనిపోయాక జార్జే అతన్ని వెంట తిప్పుకుంటున్నాడు. లెన్నీకి మెత్తటి వస్తువు నిమరడమంటే ప్రాణం. చచ్చిన ఎలుకను కూడా జేబులో పెట్టుకొని నిమురుతూ ఉంటాడు. అంతకుముందు వీడ్ అనే ఊళ్ళో ఒక పిల్ల గౌను మెత్తగా ఉందని పట్టుకున్నాడు. ఆ పిల్ల అరిచేసరికి బెదిరిపోయి, వదలడం తెలియక ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఊరంతా వెంటపడితే ఇద్దరూ కాలువలో దాక్కొని ప్రాణాలు దక్కించుకున్నారు.

కాలిఫోర్నియా రాష్ట్రంలో సోలెడాడ్ అనే ఊరి దగ్గర ఒక పెద్ద కమతంలో బార్లీ కోతలు జరుగుతున్నాయి. అక్కడ బస్తాలు మోసే పనికి ఇద్దరూ వస్తారు. బస్సు డ్రైవరు నాలుగు మైళ్ళ ముందే దించేస్తే ఎండలో నడుచుకుంటూ రావలసి వచ్చింది. ఊరు తెలియని కూలివాణ్ణి ఎక్కడో ఒకచోట దించిపోయే అలవాటు ఆ దేశంలోనూ ఉందన్నమాట.

కమతం యజమాని మొదట అనుమానించింది కూడా వీరి జతనే. లెన్నీని అడిగిన ప్రశ్నలకు జార్జి జవాబు చెబుతుంటే, నువ్వు వీడి జీతం కాజేస్తున్నావా అని అడుగుతాడు. ఒక మనిషి మరొకడి కోసం ఊరికే పాటుపడతాడంటే నమ్మలేనంతగా అక్కడి రోజులు చెడిపోయాయి. జార్జి ఒక అబద్ధం చెప్పి తప్పించుకుంటాడు. లెన్నీ తనకు చుట్టమంటాడు.

ఇద్దరికీ ఒక కల ఉంది. పది ఎకరాల చిన్న జాగా, ఒక ఇల్లు, కోళ్ళు, ఒక ఆవు, కుందేళ్ళు. కుందేళ్ళకు గడ్డి వేసే పని లెన్నీది. ఒకరి కింద కూలి చేయనక్కర లేకుండా తమ పంట తాము తినడం. రాత్రి పూట జార్జి ఈ కల చెబుతూ ఉంటే లెన్నీ అమ్మమ్మ దగ్గర కథ వినే పిల్లవాడిలా వింటాడు.

కానీ తానొకటి తలిస్తే దైవమొకటి తలచింది. కమతం యజమాని కొడుకు కర్లీ దుడుకువాడు. అతని భార్య, పలకరించే మనిషి లేక, ఒక ఆదివారం పశువుల కొట్టంలో లెన్నీతో మాటలు కలుపుతుంది. తన జుట్టు మెత్తగా ఉంటుంది, చూడమంటుంది. లెన్నీ నిమిరి, గట్టిగా పట్టుకుంటాడు. ఆమె అరుస్తుంది. అతను భయపడి నోరు మూసి ఊపేస్తాడు. మెడ విరిగి ఆమె చనిపోతుంది. కర్లీ తుపాకీ తీసుకొని మనుషులతో బయలుదేరుతాడు. వారికన్నా ముందే జార్జి నది ఒడ్డున దాక్కున్న లెన్నీని చేరుకుంటాడు. నదికి అవతలి వైపు చూడమని, పది ఎకరాల కథ మళ్ళీ చెబుతూ, వెనుక నుంచి తానే కాల్చి చంపేస్తాడు. గురువారం సాయంత్రం మొదలైన కథ ఆదివారం సాయంత్రానికి ముగుస్తుంది.

కూలి చేసి రాసినవాడు

స్టైన్‌బెక్ 1902లో కాలిఫోర్నియాలోని సలీనాస్ అనే వ్యవసాయ పట్టణంలో పుట్టాడు. వయసులో ఉండగా చక్కెర కంపెనీ కమతాల్లో కూలీలతో కలిసి పనిచేశాడు. బీట్ దుంపల చేలు, బస్తాలు, కూలీల పడక కొట్టాలు అన్నీ స్వయంగా ఎరిగినవాడు. లెన్నీ వంటి మనిషిని తాను నిజంగానే చూశానని, అతను చంపింది ఆడమనిషిని కాదు, పనిపెత్తనం చేసే ఫోర్‌మన్‌నని, అతన్ని పిచ్చాసుపత్రిలో పెట్టారని 1937లో ఒక పత్రికకు చెప్పాడు.

పుస్తకం రాస్తున్నప్పుడు జరిగిన ఒక సంగతి విచిత్రమైనది. 1936లో ఆయన ఇంటి కుక్కపిల్ల రాతప్రతిలో దాదాపు సగం కొరికి చింపేసింది. వేరే ప్రతి లేదు. రెండు నెలల కష్టం పోయింది. ఆయన కుక్కను కోపగించలేదు, మళ్ళీ మొదటి నుంచి రాశాడు. 1939లో వచ్చిన 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' అనే పెద్ద నవలకు ఆ మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి, మొత్తం రచనలకు గాను ఆయనకు 1962లో నోబెల్ బహుమతి వచ్చాయి. 1968లో మరణించాడు.

పుస్తకం పేరు 1785లో స్కాట్లండు రైతుకవి రాబర్ట్ బర్న్స్ రాసిన ఒక పద్యం నుంచి తీసుకున్నది. చలికాలం ముందు ఎలుక కట్టుకున్న గూడు నాగలి తగిలి చెదిరిపోతే, దున్నే రైతు ఆ ఎలుకతో మాట్లాడడం ఆ పద్యం. నాగలి పట్టినవారికి ఈ పేరులోని బాధ చెప్పకనే తెలుస్తుంది.

న్యాయమన్నవారి వాదన

జార్జి చేసింది సరైన పనేనా అన్న దగ్గర పాఠకులు రెండుగా చీలిపోతున్నారు.

సరైనదే అనేవారి మాట ఇది. లెన్నీ కర్లీ చేతికి చిక్కితే కడుపులో కాల్చి, నరకం చూపించి చంపేవాడు. అలా చేస్తానని కర్లీ అందరి ముందూ చెప్పాడు. ఒకవేళ ప్రాణంతో పట్టుకున్నా జైల్లోనో పిచ్చాసుపత్రిలోనో గొలుసులతో కట్టిపడేసేవారు. జార్జి కాల్చిన క్షణంలో లెన్నీ భయపడడం లేదు. తన కుందేళ్ళను కళ్ళారా చూస్తున్నాడు. తప్పని చావును నొప్పి తెలియకుండా, తనవాడి చేతుల మీదుగా ఇచ్చాడు గనుక అది హత్య కాదు, చివరి సేవ అని వీరంటారు.

దీనికి వారు చూపించే సాక్ష్యం పుస్తకంలోనే ఉంది. కమతంలో కాండీ అనే ముసలివాడు ఉంటాడు. యంత్రంలో పడి ఒక చేయి పోయింది. ఇప్పుడు పడక కొట్టం ఊడ్చే పని. అతనికో ముసలి కుక్క ఉంది. కళ్ళు కనబడవు, పళ్ళు లేవు, కంపు కొడుతుంది. తోటి కూలీలు పోరుపెట్టి దాన్ని చంపేద్దామంటారు. కాండీ కాదనలేక ఊరుకుంటాడు. కార్ల్‌సన్ అనేవాడు బయటికి తీసుకుపోయి కాల్చేస్తాడు. ఆ తుపాకీ మోత వినిపించేదాకా కొట్టంలో ఎవరికీ మాట సాగని ఆ కాసేపు చదివినవారు మరచిపోలేరు. నా కుక్కను పరాయివాడి చేతిలో పెట్టకుండా నేనే కాల్చుకోవలసిందని కాండీ తరువాత జార్జితో అంటాడు. జార్జి ఆ మాట గుర్తు పెట్టుకున్నాడు. చివరికి వాడింది కూడా అదే కార్ల్‌సన్ తుపాకీ.

అన్యాయమన్నవారి వాదన

రెండో పక్షంవారు ఒప్పుకోరు. కుక్కకు చేసినది మనిషికి చేయవచ్చునా అని వారి మొదటి ప్రశ్న. పనికిరాని కుక్కను చంపినట్టే పనికిరాని మనిషినీ చంపవచ్చునంటే, రేపు చేయి లేని కాండీ గతి ఏమిటి? కాండీకి ఆ భయం ఉండనే ఉంది. తన వంతు వచ్చినప్పుడు తనను కాల్చేవాడు కూడా ఉండడని, రోడ్డు మీదికి గెంటేస్తారని అతను బాధపడతాడు.

లెన్నీని అడగకుండా, వెనుక నుంచి కాల్చే హక్కు జార్జికి ఎవరిచ్చారని కూడా వీరు అడుగుతారు. వీడ్‌లో పారిపోయినట్టే మళ్ళీ ఎందుకు పారిపోలేదు? పరుగెత్తి పరుగెత్తి అలసిపోయాడా? లెన్నీ లేకపోతే తన బతుకు ఎంత హాయిగా ఉండేదో జార్జి అంతకుముందు ఎన్నోసార్లు విసుక్కున్నాడు కదా? ఆ విసుగు తుపాకీ పట్టిన చేతిలో ఉందా లేదా? పుస్తకం దీనికి జవాబు చెప్పదు.

ఆడవారు చదివితే

ఆడపాఠకులు లేవనెత్తే మాట వేరు. జార్జి, లెన్నీల మీద కన్నీళ్ళు పెట్టుకునేవారు చచ్చిపోయిన ఆ పిల్ల గురించి ఎందుకు మాట్లాడరని వారి ప్రశ్న. పుస్తకం మొత్తంలో ఆమెకు పేరు లేదు. కర్లీ భార్య అనే అంటారు. కూలీలందరూ ఆమెను చెడ్డదని ముందే తీర్మానించారు. ఆమెకు సినిమాల్లో చేరాలని ఉండేది. తల్లి మీది కోపంతో కర్లీని పెళ్ళాడి ఆ కమతంలో చిక్కుకుపోయింది. మాట్లాడడానికి మరో ఆడమనిషి కూడా లేదు. చివరికి తన గోడు చెప్పుకున్నది ఏమీ అర్థం కాని లెన్నీకి. పరువు పేరుతో నలుగురితో మాట్లాడనివ్వని ఇళ్ళలో కాపురం చేసినవారికి ఈ సంగతి వివరించనవసరం లేదని వారి అభిప్రాయం.

అలాగే క్రుక్స్ అనే నల్లజాతి మనిషి సంగతి. గుర్రం తన్నగా నడుం వంకరపోయిన ఇతను గుర్రపుశాల చూస్తాడు. తెల్లవాళ్ళ పడక కొట్టంలోకి ఇతనికి ప్రవేశం లేదు. సామాను కొట్టులో ఒంటరిగా పడుకుంటాడు, పుస్తకాలు చదువుకుంటాడు. మనిషికి మనిషి తోడు లేకపోతే మతి పోతుందని లెన్నీతో చెప్పేది ఇతనే. మన ఊళ్ళలో వెలివాడలు, హోటళ్ళలో వేరు గ్లాసులు చూసినవారు క్రుక్స్ గది దగ్గర ఆగిపోతారు. పది ఎకరాల కల విని, తననూ కలుపుకొమ్మని క్రుక్స్ కాసేపు ఆశపడతాడు. కర్లీ భార్య వచ్చి, తలచుకుంటే చెట్టుకు వేలాడదీయించగలనని బెదిరించగానే ఆ ఆశను తానే వెనక్కి తీసుకుంటాడు. ఎవరూ పట్టించుకోని ఆడమనిషి తనకన్నా కింద ఉన్నవాడి మీద పెత్తనం చూపడం పుస్తకంలో చేదైన ఘట్టం.

ఆరువందల డాలర్ల భూమి

రైతు కుటుంబాల పాఠకులను పట్టుకునేది భూమి లెక్క. జార్జి చూసిపెట్టిన ఆ జాగా ధర ఆరువందల డాలర్లు. నెలకు ఒక మనిషి జీతం యాభై డాలర్లు. అంటే ఒక మనిషి పన్నెండు నెలల జీతం. కాండీ దగ్గర చేయి పోయినందుకు వచ్చిన నష్టపరిహారం రెండువందల యాభై, దానికి తోడు దాచుకున్న యాభై, కలిపి మూడువందలు ఉన్నాయి. అతనూ కలుస్తానంటాడు. అప్పటిదాకా పసివాడికి చెప్పే కథగా ఉన్నది ఒక్కసారిగా కాగితం మీద లెక్కకు వస్తుంది. ఒక నెల ఓపిక పడితే చాలు.

ఆ నెల వారికి దొరకలేదు. కమతాలు తిరిగే కూలీలు వందలమంది బుర్రలో ఇలాంటి జాగా పెట్టుకొని రావడం చూశానని, ఒక్కడికీ అది దక్కలేదని క్రుక్స్ అంటాడు. 1929 నుంచి అమెరికాను కుదిపేసిన ఆర్థిక మాంద్యంలో బ్యాంకులు మూతపడ్డాయి, భూములు పోయాయి, లక్షలాది మంది పని కోసం రోడ్డెక్కారు. కథలో కూలీలు అలాంటివారే.

పాలమూరు కూలీల పేరు వినని తెలుగువాడు లేడు. ఆ జిల్లా మట్టిపని మనుషులు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి ఆనకట్టలకు, కాలువలకు రెక్కల కష్టం ధారపోశారు. ముందు అడ్వాన్సు తీసుకొని, ఆ అప్పు తీరేదాకా ఇంటిముఖం చూడని కుటుంబాలు ఎన్నో. ముసలివాళ్ళను, బడికి పోయే పిల్లలను ఊళ్ళో వదిలి వెళ్ళేవారు. ఊళ్ళో రెండెకరాలు విడిపించుకొని, బోరు వేసుకొని బతుకుదామన్న మాట ప్రతి గుడిసెలోనూ వినబడేదే.

ఇక దిల్‌సుఖ్‌నగర్ సంగతి చూస్తే, ఒకప్పుడు ఇది పొలమే. దిల్‌సుఖ్‌రాం పర్షాద్ అనే ఆసామి తన వ్యవసాయ భూమిని ప్లాట్లు చేయించగా ఆయన పేరు మీద కాలనీ వెలిసిందని చెబుతారు. ఎల్.బి.నగర్ మునిసిపాలిటీ 2007లో మహానగర పాలక సంస్థలో కలిసింది. 2018లో మెట్రో రైలు వచ్చింది. కొత్తపేటలో హమాలీలు బత్తాయి, మామిడి పెట్టెలు మోసిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు కూడా బాటసింగారం తరలిపోయింది. ఈ మేడలకు ఇటుకలు మోసినవారిలో ఎందరికి ఇక్కడ వంద గజాల జాగా దక్కిందన్నది అడ్డా మీద నిలబడినవారిని చూస్తే తెలుస్తుంది. జార్జికి ఏడాది జీతంతో పది ఎకరాలు వచ్చేవి. ఇక్కడి కూలికి జీవితమంతా దాచినా గజాల లెక్క తేలడం కష్టమే.

కోర్టుకెక్కిన లెన్నీ

ఈ పుస్తకంపై పాఠకుల అభిప్రాయం ఒక దశలో మనుషుల ప్రాణాల మీదికి వచ్చిందంటే ఆశ్చర్యం కలుగుతుంది. బుద్ధిమాంద్యం ఉన్నవారికి ఉరి, మరణశిక్షలు అమలు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పింది. ఎవరికి బుద్ధిమాంద్యం ఉన్నదో తేల్చే పని రాష్ట్రాలకు వదిలింది. టెక్సాస్ రాష్ట్రపు పై క్రిమినల్ కోర్టు 2004లో ఒక తీర్పులో స్టైన్‌బెక్ లెన్నీని ఉదాహరించింది. లెన్నీ వంటివాడికి శిక్ష తప్పించాలని తమ రాష్ట్ర ప్రజల్లో ఎక్కువమంది ఒప్పుకుంటారని దాని భావం. ఆ మీదట తనదైన ప్రశ్నల పట్టిక ఒకటి తయారు చేసింది. అబద్ధం చెప్పగలడా, ముందుగా పథకం వేయగలడా వంటివి అందులో ఉన్నాయి.

అంటే లెన్నీ అంత అమాయకుడు కాడని తోస్తే శిక్ష తప్పదన్నమాట. 2012లో ఆ రాష్ట్రంలో బుద్ధి పరీక్షలో 61 మార్కులు మాత్రమే వచ్చిన ఒక ఖైదీకి మరణశిక్ష అమలు చేశారు. అప్పుడు స్టైన్‌బెక్ కుమారుడు థామస్ తీవ్రంగా బాధపడ్డాడు. తన తండ్రి కథ కోసం సృష్టించిన మనిషిని ప్రాణాలు తీసే కొలబద్దగా వాడడం ఆయనకు అవమానమని, బతికి ఉంటే కోపగించేవాడని ప్రకటించాడు. చివరికి 2017లో అమెరికా సుప్రీంకోర్టు, వైద్యశాస్త్రం ఒప్పుకోని ఆ ప్రశ్నల పట్టిక చెల్లదని కొట్టేసింది.

పుస్తకం మీద అభ్యంతరాలు కూడా తక్కువేమీ కాదు. కూలీల నోట బూతులు, నల్లవారిని కించపరిచే మాటలు ఉన్నాయని, చివర చంపడాన్ని సమర్థించినట్టుందని అమెరికాలో అనేక పాఠశాలల్లో తల్లిదండ్రులు దీన్ని తీసేయాలని కోరారు. అయినా లక్షలాది పిల్లలు బడిలోనే దీన్ని చదివారు. ఇంగ్లండులో కూడా ఎన్నో ఏళ్ళు పరీక్షకు పాఠంగా ఉండి, 2014లో సిలబస్ మార్చినప్పుడు పక్కకు పోయింది.

మన ఊరి లెన్నీలు

ప్రతి ఊళ్ళోనూ ఒక లెన్నీ ఉంటాడు. బస్తా ఎత్తమంటే రెండు ఎత్తుతాడు, కూలి ఎంతంటే చెప్పలేడు. పెళ్ళిళ్ళలో నీళ్ళు మోయిస్తారు, పంక్తి లేచాక అన్నం పెడతారు. పిల్లలు రాళ్ళేసి ఏడిపిస్తారు. పుస్తకంలో జార్జి కూడా మొదట్లో అలా ఏడిపించినవాడే. నలుగురి ముందు గొప్పకు పోయి, నదిలో దూకమని ఒకసారి లెన్నీతో అన్నాడు. ఈత రాని లెన్నీ దూకేశాడు. చచ్చేంత పనై బయటపడ్డాక, తనను బయటికి లాగినందుకు జార్జికే కృతజ్ఞత చెప్పాడు. ఆనాటి నుంచి జార్జి అతనితో అలాంటి ఆటలు మానేశాడు. ఆ స్నేహం మొదలైంది ఆ సిగ్గులోనే అని పలువురు పాఠకులు అభిప్రాయపడుతున్నారు.

జార్జి న్యాయాన్యాయాల కన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉందని వారు గుర్తు చేస్తున్నారు. లెన్నీ వంటివాణ్ణి చూసుకునే భారం ఒక్క జార్జి మీదే ఎందుకు పడింది? ఊరు లేదు, ఆసుపత్రి లేదు, సర్కారు లేదు. ఉన్నది ఒక కూలి మనిషి ఓపిక మాత్రమే. ఆ ఓపిక ఏదో ఒకనాటికి తుపాకీ దగ్గరికి వచ్చి ఆగింది. ఇంకొక దారి ఉంటే జార్జి అది పట్టేవాడు.

నేడు మన దగ్గర దారులు బొత్తిగా లేకపోలేదు. బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం 1984లోనే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వం జాతీయ సంస్థ నెలకొల్పింది. పరీక్షలు, శిక్షణ, తల్లిదండ్రులకు సలహాలు అక్కడ లభిస్తాయి. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం, తల్లిదండ్రులు చూసుకోలేనప్పుడు లేదా వారి తదనంతరం ఇలాంటివారికి సంరక్షకుణ్ణి నియమించే స్థానిక కమిటీ జిల్లా స్థాయిలో ఉంటుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం బుద్ధిమాంద్యాన్ని కూడా తన జాబితాలో చేర్చింది. వైకల్య ధ్రువపత్రం ఉంటే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. వలస వెళ్ళే కుటుంబాల్లో ఇలాంటి పిల్లవాడుంటే, పనికి బయలుదేరే ముందే ఈ కాగితాలు చేయించుకోవడం మేలు.

ఊరూరా చదివి వినిపించాలి

ఈ పుస్తకాన్ని స్టైన్‌బెక్ నాటకంలా ఆడించడానికి వీలుగానే రాశాడు. మొత్తం ఆరు అధ్యాయాలు. ఒక్కొక్కటి ఒక్కొక్క చోటే జరుగుతుంది: నది ఒడ్డు, పడక కొట్టం, క్రుక్స్ గది, పశువుల కొట్టం, తిరిగి నది ఒడ్డు. అచ్చయిన 1937లోనే న్యూయార్కులో నాటకంగా ఆడారు. 1939లో, మళ్ళీ 1992లో సినిమాగా వచ్చింది. నాలుగు మంచాలు, ఒక లాంతరు ఉంటే మన బడి అరుగు మీద కూడా ఆడవచ్చు.

ఒకరు చదువుతుంటే పదిమంది చుట్టూ చేరి వినే అలవాటు మన పల్లెలకు కొత్తదేమీ కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసిన నాటి నుంచి గ్రంథాలయాలు ఈ గడ్డ మీద ప్రజల్ని కూడగట్టాయి. అటువంటి చోట ఈ కథను మన మాటల్లో చదివి వినిపిస్తే, పుస్తకం పట్టని కూలీలు కూడా తీర్పు చెప్పగలరని, బహుశా కాలేజీలో చదివినవారి కన్నా బాగా చెప్పగలరని పాఠకులు అంటున్నారు.

పుస్తకం చివర కార్ల్‌సన్ ఒక మాట అడుగుతాడు. తలవంచుకొని నడిచిపోతున్న జార్జిని, అతని పక్కన నడుస్తున్న స్లిమ్ అనే పెద్దమనిషిని చూసి, వీళ్ళకేమైందని తోటివాడిని అడుగుతాడు. అతనికి నిజంగానే అర్థం కాలేదు. ఒక మనిషి పోతే ఇంకో మనిషి వస్తాడు, బార్లీ బస్తాలు ఎవరైనా మోస్తారు అన్నదే అతని లెక్క. జార్జి చేసింది న్యాయమని వాదించేవారూ, అన్యాయమని వాదించేవారూ ఈ ఒక్క దగ్గర కలుస్తున్నారు. కార్ల్‌సన్‌లా అడిగేవాళ్ళం కాకూడదని ఇరుపక్షాలదీ ఒకే మాట.

సాయంత్రం ఎల్.బి.నగర్ చౌరస్తాలో సాగర్ రోడ్డు బస్సు వచ్చి ఆగుతుంది. ముందు ఎక్కినవాడు పక్క సీటులో తువ్వాల వేసి, వెనుక వస్తున్న జతగాణ్ణి కేక వేసి పిలుస్తాడు. గ్రామ గ్రంథాలయాల్లో, ఉన్నత పాఠశాలల్లో ఇటువంటి పుస్తకాలు తెలుగులో చదివి వినిపించే ఏర్పాటు చేయాలని జిల్లా పాఠకులు కోరుతున్నారు.